జూలైలో వెనిస్‌కి ఒకటిన్నర రోజు: పెద్దవాళ్లతో, ఏడేళ్ల పాపతో వస్తున్నవారికి

ముందు గది సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మగారు, నాన్నగారు, ఏడేళ్ల పాపతో కలిసి జూలై మధ్యలో ఇటలీ తిరుగుతున్నారు. ఫ్లోరెన్స్ నుంచి పొద్దున పదింటికల్లా వెనిస్ చేరి, మర్నాడు మధ్యాహ్నం రెండింటి రైలుకి మిలాన్ వెళ్లిపోవాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పి, అందరూ శాకాహారులు. ఊళ్లో హోటళ్లు ఖరీదు కాబట్టి ఒడ్డున ఉన్న మెస్త్రేలో దిగి, పగలంతా వెనిస్ చూసి, ఆరింటికల్లా గదికి వెళ్లిపోదామని ప్లాన్. శాన్ మార్కో (పెద్ద చర్చి, దాని ముందున్న చౌకు), డోజ్ ప్యాలెస్ (డోజ్ అంటే ఒకప్పటి వెనిస్ పాలకుడు), రియాల్టో వంతెన, గొండోలా పడవ, మురానో, బురానో దీవులు అన్నీ లిస్టులో ఉన్నాయి.

మేం పాదువాలో ఉంటాం, వెనిస్‌కి రైల్లో అరగంట. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చిన చుట్టాలకి ఆ ఊరు చూపించే డ్యూటీ ఎప్పుడూ నాదే. ఆ అనుభవంతో చెప్తున్నాను: మీ లిస్టుతో పెద్ద గొడవ లేదు, టైమే తలకిందులుగా ఉంది. జూలైలో పదింటి నుంచి ఐదింటి దాకా రియాల్టో, శాన్ మార్కో మధ్య సందుల్లో ఇసుక వేస్తే రాలదు. ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, చుట్టూ నీళ్లు కాబట్టి ఉక్కపోత మన బందరు ఉక్కపోతలాగే ఉంటుంది. పాత ఊళ్లో ఉండే జనాభా ఇప్పుడు 50,000 కూడా లేదు, 1951లో 1,75,000 దాకా ఉండేవాళ్లు. పగలు కనిపించే ఆ సముద్రమంత జనంలో ఎక్కువమంది పొద్దున రైళ్లలో, బస్సుల్లో దిగి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లే. వాళ్లు వెళ్లాక ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. జూలైలో తొమ్మిది దాకా సూర్యుడు అస్తమించడు, తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. మీ ప్లాన్ ప్రకారం సరిగ్గా ఆ మంచి మూడు గంటలకి మీరు మెస్త్రేలో ఉంటారు.

కాబట్టి ఆ ఒక్క రాత్రికి ఖర్చయినా ఊళ్లోనే గది తీసుకోండి. ఎక్కడంటే, సాంటా లూచియా స్టేషన్ నుంచి ఎడమచేతి వైపు వెళ్లే లిస్తా ది స్పాన్యా వీధి. అంత అందమైన వీధి కాదు, బొమ్మల షాపులూ పిజ్జా ముక్కల షాపులూ తప్ప ఏమీ కనిపించవు. కానీ స్టేషన్ నుంచి గుల్యే వంతెన దాకా చదునైన దారి, మధ్యలో ఒక్క వంతెన కూడా తగలదు. వెనిస్‌లో ఇది ఎంత గొప్ప విషయమో సూట్‌కేసులు లాగితే కానీ తెలియదు. ఊళ్లో 400కి పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే. మ్యాప్‌లో "స్టేషన్ నుంచి ఎనిమిది నిమిషాలు" అని చూపించే హోటల్‌కి మధ్యలో మూడు వంతెనలు ఉండొచ్చు. అమ్మగారి మోకాళ్లకి అది ఎనిమిది నిమిషాల దారి కాదు. బుక్ చేసేముందు హోటల్‌వాళ్లని రెండే అడగండి: స్టేషన్ నుంచి మీ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు, లోపల లిఫ్ట్ ఉందా. పాత ఇళ్లనే హోటళ్లుగా మార్చారు కాబట్టి లిఫ్ట్ లేనివి చాలా ఉన్నాయి. ఏసీ ఉందో లేదో కూడా చూసుకోండి. దోమలుంటాయి కాబట్టి కిటికీలు తీసి పడుకోవడం కుదరదు.

ప్రవేశ రుసుము గురించి అడిగారు. 2024 నుంచి ఏప్రిల్–జూలై మధ్య ఎంపిక చేసిన రోజుల్లో, ఎక్కువగా వారాంతాల్లో, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా ఊళ్లోకి వచ్చేవాళ్ల దగ్గర తీసుకుంటున్నారు. ముందుగా కడితే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో అయితే 10. రాత్రి ఊళ్లో బస చేసేవాళ్లకి మినహాయింపు ఉంది, హోటల్‌లో వేరేగా టూరిస్ట్ ట్యాక్స్ కడతారు కాబట్టి. అయినా నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో మినహాయింపు కోడ్ తీసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. స్టేషన్ బయట చెకింగ్ వాళ్లు ఆపితే టెన్షన్ ఉండదు.

ఇక మొదటి రోజు. పదింటికి దిగగానే సామాను హోటల్‌లో పడేయండి. గది అప్పుడే ఇవ్వకపోయినా సామాను తీసుకుంటారు. శాన్ మార్కో వైపు మాత్రం వెళ్లకండి. స్టేషన్ చుట్టుపక్కలే కాసేపు తిరిగి, తొందరగా భోంచేసి, గది ఇవ్వగానే అమ్మగారినీ నాన్నగారినీ పడుకోమనండి. ఇంత దూరం వచ్చి పగటి నిద్రేమిటని నాన్నగారు అంటారేమో. ఇక్కడివాళ్లు కూడా ఆ వేళకి తలుపులు మూసుకుంటారని చెప్పండి. ఓపిక ఉంటే మీరిద్దరూ పాపని తీసుకుని గుల్యే వంతెన దాటి పాత యూదుల పేట చూసి రండి, పది నిమిషాల నడక. 1516లో వెనిస్ ప్రభుత్వం యూదులందరినీ అక్కడే ఉండమని, రాత్రిళ్లు గేట్లకి తాళాలు వేసింది. ప్రపంచంలో ఇలాంటి పేటలన్నిటికీ ఘెట్టో అనే పేరు ఇక్కడినుంచే పోయింది. విస్తరించడానికి చోటు లేక అంతస్తుల మీద అంతస్తులు వేసుకున్నారు. ఊళ్లో ఇంకెక్కడా కనిపించనంత ఎత్తు ఇళ్లు, తలలు తగిలేంత తక్కువ ఎత్తు గదులు. కిటికీల వరసలు లెక్కపెట్టమంటే పాపకి అదొక ఆట.

అసలు వెనిస్ మీకు సాయంత్రం ఐదింటికి మొదలవుతుంది. వపొరెట్టో అంటే ఇక్కడి సిటీ బస్సు, నీళ్ల మీద నడుస్తుంది. ఒక్కసారి ఎక్కడానికి 9.50 యూరోలు (75 నిమిషాలు చెల్లుతుంది), 24 గంటల పాస్ 25 యూరోలు. ఇవి ఇప్పటి ధరలు. పాస్ కొన్నప్పటినుంచి కాదు, మొదటిసారి మెషీన్‌కి చూపించినప్పటినుంచి లెక్క. అంటే ఐదింటికి మొదలుపెడితే మర్నాడు ఐదింటి దాకా పనికొస్తుంది, మీ రైలు రెండింటికే కాబట్టి ఒక్క పాస్‌తో అయిపోతుంది. పొద్దున పదిన్నరకే గీకేస్తే మర్నాడు మళ్లీ టికెట్ కొనాలి. ఆరేళ్లలోపు పిల్లలకి ఉచితం, మీ పాపకి ఏడు కాబట్టి కొనాల్సిందే.

ఇక్కడ చిన్న కిటుకు. గ్రాండ్ కెనాల్ మొత్తం చూపించేది 1వ నంబరు బోటు, ప్రతి స్టాపులో ఆగుతుంది. అది బస్సులు ఆగే పియాజ్జాలే రోమాలో బయలుదేరుతుంది, స్టేషన్ స్టాపుకి వచ్చేసరికి సీట్లు నిండిపోతాయి. అందుకని ఏదో ఒక బోటెక్కి వెనక్కి ఒక్క స్టాపు వెళ్లి, పియాజ్జాలే రోమాలో ఖాళీ బోటు ఎక్కండి. కొన్ని బోట్లకి ముందు భాగంలో పైకప్పు లేని సీట్లుంటాయి. అవి దొరికితే అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టండి. దాదాపు 4 కిలోమీటర్ల కాలువ, ముప్పావు గంట ప్రయాణం. అదే డబ్బులకి ఈ ఊళ్లో ఇంతకన్నా మంచిది దొరకదు.

ఆ ముప్పావు గంటలో ఫోన్ కాస్త పక్కన పెట్టి ఇళ్ల కింది భాగం చూడండి. పెద్ద గుమ్మాలన్నీ నీళ్లవైపే తెరుచుకుంటాయి, వీధివైపువి దొడ్డిగుమ్మాలు. సరుకు నేరుగా పడవలోంచి ఇంట్లోకి దిగేది, కింది అంతస్తు గోడౌను, పైన కాపురం. మెట్లు నీళ్లలోకి దిగిపోతుంటాయి, ఒక గీత గీసినట్టు ఆ గీత కింద అంతా పచ్చగా నాచు. పోటు వచ్చినప్పుడు నీళ్లు అక్కడిదాకా వస్తాయని లెక్క. కొన్ని గుమ్మాల తలుపుల అంచులు ఉప్పునీటికి కొరుక్కుపోయి పళ్లూడినట్టు ఉంటాయి. ఎడమవైపు కా దోరో అనే 15వ శతాబ్దపు ఇల్లు వస్తుంది, రాతిని లేసులాగా చెక్కారు. ఒకప్పుడు దాని ముఖానికి బంగారు రేకు కూడా ఉండేది. కాసేపటికి రియాల్టో వంతెన కింద నుంచి వెళ్తారు. 1588లో మొదలుపెట్టి 1591లో పూర్తిచేశారు. 19వ శతాబ్దం మధ్యలో అకాదమియా వంతెన కట్టేదాకా గ్రాండ్ కెనాల్ నడిచి దాటడానికి ఉన్నది ఇదొక్కటే.

నీళ్లలో ఇళ్లెలా నిలబెట్టారని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. బురదలోకి చెక్క దుంగలు దగ్గర దగ్గరగా దిగ్గొట్టి, వాటి మీద పలకలు పరిచి, ఆపైన నీరు పట్టని ఇస్త్రియా రాయి పేర్చి గోడలు లేపారు. చెక్క పుచ్చిపోవాలంటే గాలి తగలాలి. బురదలో ఆక్సిజన్ లేదు కాబట్టి వందల ఏళ్లుగా అలాగే ఉంది. కాలువ చివర కుడివైపు కనిపించే తెల్లటి గుమ్మటం సాలూతే చర్చి. 1630 ప్లేగు తర్వాత మొక్కు తీర్చుకోవడానికి కట్టింది. దాని కింద పది లక్షలకి పైగా దుంగలున్నాయంటారు.

శాన్ మార్కోలో దిగకుండా తర్వాతి స్టాపు, శాన్ జక్కరియాలో దిగండి. అక్కడినుంచి వెనక్కి నడుస్తుంటే నిట్టూర్పుల వంతెన (డోజ్ ప్యాలెస్‌ని పాత జైలుతో కలిపేది) కనిపిస్తుంది, ఆ తర్వాత డోజ్ ప్యాలెస్ పక్కగా చౌకులోకి వస్తారు. మధ్యలో మెట్ల వంతెనలు తప్పవు, కానీ మెట్లు పొట్టివి, మెల్లగా ఎక్కొచ్చు. ఏడున్నరకి చౌకు సగం ఖాళీ అయిపోతుంది. 1720 నుంచి నడుస్తున్న కఫే ఫ్లోరియన్ ముందు వయొలిన్లు వాయిస్తుంటారు. కుర్చీలో కూర్చుంటే కాఫీ ఖరీదుకి తోడు సంగీతానికీ విడిగా డబ్బు వేస్తారు. నాలుగడుగులు అవతల నిలబడి వింటే ఒక్క పైసా అక్కర్లేదు, నేను ఎప్పుడూ చేసేది అదే.

గొండోలా ఎక్కాలా వద్దా అన్నారు. ఎక్కండి. అధికారిక రేటు పగలు అరగంటకి 90 యూరోలు, సాయంత్రం ఏడు దాటితే 35 నిమిషాలకి 110. రేటు పడవకి, మనిషికి కాదు. ఐదుగురి దాకా ఎక్కొచ్చు, మీరు సరిగ్గా ఐదుగురు. గ్రాండ్ కెనాల్ ఇప్పటికే బోటులో చూశారు కాబట్టి లోపలి చిన్న కాలువల్లో తిప్పేవాడిని చూసుకుని, ఎంతసేపు, ఎటువైపు అనేది ఎక్కకముందే మాట్లాడుకోండి. పాట పాడాలంటే విడిగా డబ్బులు. పడవలో కూర్చున్నాక పాపకి ఒకటి చూపించండి: దాదాపు 11 మీటర్ల ఆ పడవ రెండు వైపులా ఒకేలా ఉండదు, ఎడమవైపు 24 సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువ. ఒక్కడే కుడివైపు తెడ్డు వేస్తాడు కాబట్టి, రెండు వైపులా సమానంగా ఉంటే పడవ గుండ్రంగా తిరుగుతుంది. ఆ వంకర వల్లే అది తిన్నగా వెళ్తుంది. ముందు భాగంలో దువ్వెనలాంటి ఇనప కొమ్ము ఉంటుంది, దానికి ముందుకు పొడుచుకొచ్చిన ఆరు పళ్లు ఊళ్లోని ఆరు పేటలకి గుర్తని చెప్తారు. అమ్మగారు ఎక్కేటప్పుడు గొండోలా మనిషి చెయ్యి అందిస్తాడు, మొహమాటపడకుండా పట్టుకోమనండి.

డోజ్ ప్యాలెస్ మీద నా అభిప్రాయం: మీ ఇద్దరికీ గట్టి ఆసక్తి ఉంటేనే. పెద్ద మెట్లు, హాలు తర్వాత హాలు, తొందరగా చూసినా రెండు గంటలు. తింతొరెత్తో అనే చిత్రకారుడు వేసిన 22 మీటర్ల వెడల్పు స్వర్గం బొమ్మ, 1756లో కాసనోవా అనే సాహసి తప్పించుకుపోయిన జైలు గదులు అందులోనే ఉన్నాయి. వేసవిలో శుక్ర, శనివారాల్లో రాత్రి పొద్దుపోయేదాకా తెరుస్తున్నారు. మీరు దిగేది ఆ రోజైతే పాపని పెద్దవాళ్లకి అప్పగించి మీరిద్దరూ వెళ్లి రావచ్చు. వెళ్లేముందు ఆ తేదీకి టైమింగ్స్ చూసుకోండి.

రెండో రోజు పొద్దున మన పెద్దవాళ్లు ఎలాగూ ఐదింటికే లేస్తారు, ఈ ఊళ్లో అది వరం. ఏడింటికల్లా బోటెక్కి రియాల్టోలో దిగండి. ఆ వేళకి వంతెన మీద మీరూ, చెత్తబళ్లు తోసుకెళ్లేవాళ్లూ తప్ప ఎవరూ ఉండరు. అవతలి గట్టున కూరగాయల మార్కెట్ తెరుచుకుంటూ ఉంటుంది. ఆదివారం అయితే ఉండదు. చేపల వైపు వెళ్లకండి, అమ్మగారికి ఆ వాసన పడదు. పళ్లు కొనుక్కోండి, కానీ చేత్తో ముట్టుకోకండి, అడిగితే వాళ్లే తీసిస్తారు.

నాన్నగారి కోసం అక్కడికి దగ్గరలోనే ఒకటుంది. శాన్ జొవాన్ని గ్రిజోస్తమో చర్చి వెనక, కోర్తే సెకోందా దెల్ మిలియోన్ అనే చిన్న ప్రాంగణం. మార్కో పోలో కుటుంబం ఇళ్లు ఈ చుట్టుపక్కలే ఉండేవి. 1271లో ఇక్కడినుంచి బయలుదేరి 1295లో తిరిగొచ్చిన ఈయన, మన చీరాల దగ్గర మోటుపల్లి గురించి చెప్పాడు. అక్కడ ఒక రాణి ఏలుతోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెపురుగు దారంలాంటి సన్నటి బట్టలు నేస్తారని రాయించాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెప్తారు. చనిపోయిన రాజు భార్య అని ఆయన అనుకున్నాడు, ఆవిడ గణపతిదేవుడి కూతురని మనకి తెలుసు. ప్రాంగణంలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు, ఒక పాత రాతి కమాను, బావి, ఆరేసిన బట్టలు. అయినా గుంటూరు మనిషిని అక్కడికి తీసుకెళ్లకుండా నాకు మనసొప్పదు.

ఎనిమిదిన్నరకి మళ్లీ బోటెక్కి శాన్ మార్కో. చర్చికి ముందే ఆన్‌లైన్‌లో మొదటి స్లాట్ తీసుకోండి. లేకపోతే ఎండలో గంట నిలబడాలి. భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. అమ్మగారి చీరకి ఏ ఇబ్బందీ లేదు, మీ వారి షార్ట్స్‌తోనే గొడవ. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. లోపల 8,000 చదరపు మీటర్ల పైన బంగారు మొజాయిక్ (చిన్న చిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) ఉంది, అది చూడాలంటే తల పైకెత్తాలి. చాలామంది తల దించి లైన్ వెంబడి నడిచి బయటికి వచ్చేస్తారు. ఒక స్తంభం పక్కన రెండు నిమిషాలు ఆగండి. ముఖద్వారం పైన కనిపించే నాలుగు గుర్రాలు నకళ్లు. అసలైన కంచు గుర్రాల్ని 1204లో కాన్‌స్టాంటినోపుల్ దోచుకున్నప్పుడు తెచ్చారు, 1797లో నెపోలియన్ వీళ్ల దగ్గర ఎత్తుకుపోయాడు, 1815లో తిరిగొచ్చాయి. అవి పై అంతస్తు మ్యూజియంలో ఉన్నాయి, కానీ అక్కడికి నిటారు మెట్లు. అమ్మగారు కిందే ఉంటారు.

చౌకులోని గంట గోపురానికి లిఫ్ట్ ఉంది, క్యూ కూడా అంతే ఉంది. (ఇప్పుడున్నది 1912లో తిరిగి కట్టింది, పాతది 1902 జూలై 14న ఉన్నపళంగా కూలింది.) దాని బదులు శాన్ జక్కరియాలో 2వ నంబరు బోటెక్కి, ఒక్క స్టాపు అవతల శాన్ జోర్జో మజ్జోరే దీవిలో దిగండి. ఆ చర్చి గోపురానికీ లిఫ్ట్ ఉంది, జనం తక్కువ, టికెట్ తక్కువ. పైనుంచి శాన్ మార్కో మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. శాన్ మార్కో గోపురం ఎక్కినవాళ్లకి ఆ గోపురమొక్కటే కనిపించదు కదా. గంటల కిందే నిలబడతారు కాబట్టి సరిగ్గా పన్నెండుకి పైన ఉండకుండా చూసుకోండి, పాప హడలిపోతుంది.

ఆ 2వ నంబరు బోటే జుడెక్కా కాలువ మీదుగా పియాజ్జాలే రోమా, స్టేషన్ దాకా వెళ్తుంది, వెనక్కి రావక్కర్లేదు. దారిలో ఎడమవైపు రెదెంతోరే చర్చి వస్తుంది. 1575–77 ప్లేగు తగ్గినందుకు కట్టిన మొక్కు అది కూడా. దాని పండగ జూలై మూడో ఆదివారం. ముందురోజు శనివారం రాత్రి బాణసంచా, కాలువ మీద తాత్కాలిక వంతెన. మీ తేదీలు దానికి తగిలితే గదుల రేట్లు మండిపోతాయి, బోట్ల రూట్లు మారతాయి. ఒక్కరోజు అటో ఇటో జరుపుకోగలిగితే జరుపుకోండి.

మురానో, బురానో రెండూ ఈసారికి వదిలేయండి. బురానోకి బోటులో ఒకవైపే ముప్పావు గంట, ఆ పూట అందులోనే పోతుంది. 1291లో అగ్నిప్రమాదాల భయంతో గాజు కొలిముల్ని మురానోకి తరలించారు, పని గొప్పదే. కానీ హోటల్ కౌంటర్‌లో ఎవరైనా మురానోకి ఉచిత బోటు అంటే ఒప్పుకోకండి. ఐదు నిమిషాలు ఊది చూపించి, గంటసేపు షోరూంలో నిలబెడతారు.

తిండికి ఇబ్బందేమీ లేదు. మార్గెరీటా, మారినారా పిజ్జాలు రెండూ మనం తినొచ్చు, రెండోదాంట్లో చీజ్ కూడా ఉండదు. టొమాటో స్పఘెట్టి ఎక్కడైనా దొరుకుతుంది. బీగొలి ఇన్ సాల్సా అనే ఇక్కడి పాస్తాలో చేప ఉంటుంది, చూడటానికి తెలియదు. రిసోత్తో (ఇక్కడి అన్నం వంటకం) అయితే ఏ రసంలో ఉడికించారో అడగండి. "సెన్జా కార్నే, సెన్జా పెషే" అంటే మాంసం, చేప వద్దని అర్థమవుతుంది. చీజ్‌లో రెనెట్ (దూడ కడుపు నుంచి తీసే, పాలు విరిచే పదార్థం) పట్టింపు ఉంటే పర్మెజానో వేయొద్దని చెప్పాలి. బిల్లులో కోపెర్తో అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు. పులిహోర కట్టుకొస్తే భేషుగ్గా తినొచ్చు, కానీ శాన్ మార్కో చౌకులో మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పితే ఫైన్ వేస్తారు. పియాజ్జాలే రోమా పక్కన పాపదోపొలి పార్కులో బెంచీలున్నాయి. వీధుల్లో కుళాయిల నీళ్లు మంచివే, సీసాలు నింపుకోండి. పావురాలకి గింజలు వేయడం కూడా నిషేధమే, పాపకి ముందే చెప్పి ఉంచండి.

ఊరు మునుగుతుందేమోనని అమ్మగారికి భయమన్నారు. ఆ పోట్లు ఎక్కువగా శరదృతువు, చలికాలాల్లో వస్తాయి. 2020 నుంచి సముద్రం ముఖాల దగ్గర గేట్లు లేపి ఆపుతున్నారు కూడా. జూలైలో మీకు తగిలితే గాలివాన తగులుతుంది, అరగంటలో తగ్గిపోతుంది. ఆటు వేళ చిన్న కాలువల్లో కాస్త వాసన మాత్రం ఉంటుంది.

మిలాన్ టికెట్ కొనేటప్పుడు బయలుదేరే స్టేషన్ వెనేజియా సాంటా లూచియా అని ఉందో లేదో చూడండి, వెనేజియా మెస్త్రే అని కొన్నవాళ్లు ఇక్కడినుంచి ఇంకో రైలెక్కి వెళ్లాలి. ఒంటిగంటకల్లా హోటల్‌లో సామాను తీసుకుంటే చాలు. గది ఖాయం చేసేముందు హోటల్ ఏ వీధిలో ఉందో రాయండి, దారిలో ఎన్ని వంతెనలున్నాయో చెప్తాను.